ఎడమ పక్క పువ్వు

అక్టోబరు 14, సోమవారం

డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చాను. చక్కెర వచ్చిందట. రోజూ నడవమన్నాడు, తిన్నదంతా రాసుకోమన్నాడు. రాసుకోవడానికి ఈ డైరీ తీశాను. శ్రీరంగప్పన్న తన సిల్క్ హౌసు పేరు వేయించి ప్రతి జనవరిలో పంచే డైరీ ఇది. ఇన్ని నెలలూ అమ్మ దీని మీద వేడి గిన్నెలు దించింది. అట్ట మీద లక్ష్మీదేవి ముఖం చుట్టూ సాంబారు గిన్నె అచ్చు పడింది, కిరీటం మీద ఇంకో కిరీటం పెట్టినట్టు.

చక్కెర: ముట్టలేదు. పాయసంలో వేసింది బెల్లం.

అక్టోబరు 16

రెబెకా నాతో నడవడానికి వస్తానంది. పదో తరగతి దాకా మాది ఒకే బెంచీ. ఇప్పుడు అది జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతుంది, నేను పట్టుచీరల మీద నేయడానికి పూలు గీసిస్తాను. ఇద్దరివీ పూల బతుకులే. దానికి వేసవి సెలవులుంటాయి, అంతే తేడా.

చక్కెర: ముట్టలేదు.

అక్టోబరు 19, శనివారం

రెబెకా కాలు విరిగింది. వరసగా రాస్తాను.

ఊరి చివర ఆంజనేయస్వామి గుట్ట ఎక్కాం. పైన స్వామి, స్వామికి అటూ ఇటూ చదును బండ. మనం ఎదురుగా నిలబడితే ఎడమ చేతి పక్కకు వెళ్లి రెబెకా ఉన్నట్టుండి పొట్ట మీద పడుకుంది. కళ్లు తిరిగి పడిందనుకున్నాను. నీళ్ల సీసా మూత తీయబోయాను.

"కదలొద్దుమ్మే. నీ చెప్పు పక్కన చూడు," అంది.

చూశాను. బండ పగుళ్లలో మట్టి. మట్టికి అతుక్కుని గుండ్రంగా పరుచుకున్న చిన్న ఆకులు. నడుమ వేలెడు కూడా లేని కాడ, కాడ మీద ముడుచుకున్న పసుపు పువ్వు. అలాంటివి అక్కడక్కడా కొన్ని.

"గడ్డి చామంతే గదా," అన్నాను.

"గడ్డి చామంతి నీ తలకాయ. దాని కాడ ఎంత పొడుగు సాగుతాదో చూడల్యా? ఇది చూడు, బండ ఇడిసి పైకి లేచేకే భయపడతాండాది."

లేవకుండానే పాఠం చెప్పింది. వందేళ్ల కిందట ఎవరో దొర ఈ పక్క గుట్టల్లో ఒక కొండ చామంతిని ఏరి, ఎండబెట్టి, అట్టకు అంటించుకుని వెళ్లాడట. ఆ తర్వాత అది ఎవరికీ కనపడలేదట. దాని మాదిరే ఉండే మామూలు మొక్క ఇంకొకటి ఉందని ఏదో పాత పుస్తకంలో చదివిందట. ఏది ఏదో విచ్చిన పువ్వును చూస్తేనే తెలుస్తుందట. మేం ఎక్కేసరికి ఎండ ముదిరి అన్నీ ముడుచుకున్నాయి.

"అదే అయితే?" అన్నాను.

"అయితే ఈ బండ మీద ఉండేవే ఉండేటివి. ఇవి పోతే ఇంగ యాడా లేనట్లే."

ఆ మాట అన్నప్పుడు దాని గొంతు మారింది. బెంచీ మీద పక్కన కూచుని పరీక్ష ఫలితాలు చూసుకున్న రోజు అలా విన్నాను ఆ గొంతు.

దిగేటప్పుడు మెట్లు చూడకుండా వెనక్కి తిరిగి బండ వైపే చూస్తూ దిగింది. ఎడమ కాలు. మడమ పైన విరిగింది. పిండికట్టు వేశారు.

చక్కెర: ఆసుపత్రి టీలో వాళ్లే కలిపి ఇచ్చారు. అది లెక్కలోకి రాదు.

అక్టోబరు 20

రెబెకా మంచం మీద నుంచే ఆజ్ఞలు జారీ చేస్తోంది. పొద్దున్నే నేను ఎక్కాలి. విచ్చిన పువ్వును ఫోటో తీయాలి. కోయకూడదు.

"ఒక్కటి కోసినావంటే, నా కాలు బాగైనంక నీ కాలు ఇరగ్గొడతా."

ఇంకెవరినైనా మంచి ఫోను ఉన్నవాళ్లను పంపుదామంటే ఒప్పుకోలేదు. పిల్లలకు చెబితే మరునాటికి ప్రతివాడూ ఒక చెట్టు పీక్కొచ్చి 'ఇదేనా మేడం' అంటాడట. నిజమే.

అక్టోబరు 22

ఫోటోలు తీశాను. నా ఫోను కెమెరా అద్దం పగిలి చాన్నాళ్లయింది. రెబెకాది బటన్ల ఫోను. పసుపు మచ్చ వచ్చింది. ఇంకో పసుపు మచ్చ వచ్చింది. రెబెకా కళ్లద్దాలు తీసి చూసింది, పెట్టుకుని చూసింది.

"నీ ఫోను నా కాలు కంటే అన్యాయంగా ఉండాదే. గీసుకోనిరా. నువ్వు చేసే పనే గదా అది."

నాకు ముందే తోచాల్సింది.

అక్టోబరు 25, శుక్రవారం

గీశాను! ఎండ ఎక్కేలోపు బండ మీద కూచుని ఆకులు, కాడ, పువ్వు కొలతలతో సహా గీసుకుని, మిగతాది ఇంటికి వచ్చి పూర్తి చేశాను. ఎనిమిది రెక్కలు, నడుమ బొట్టు. ఇన్నేళ్లలో ఇంత చక్కటి పువ్వు గీయలేదు. మగ్గానికి తగిలించే జకార్డు అట్టల మీదికి అలాగే ఎక్కించవచ్చు.

రెబెకా చాలాసేపు చూసింది. ఆ నడుమ బొట్టు బొట్టు కాదట, అది వందల చిన్న పూల గుంపట. రెక్క అనుకునేది రెక్క కాదట, ఒక్కొక్కటీ ఒక్కొక్క పువ్వట. "ఒక్క పువ్వు గీసినా అనుకుంటాండావు, ఊరు ఊరంతా గీసినావే!" అని నా బుగ్గ గిల్లింది. దానికి పీజీలో చదువు చెప్పిన బెంగుళూరు సారుకు బొమ్మ స్కాన్ తీయించి పంపింది. ఆయన రిటైరయ్యాడు గానీ కొండ మొక్కల విషయంలో ఆయన మాటే మాటట.

ఇంటికి వస్తూ శ్రీరంగప్పన్నకు చూపించాను. "కొత్త బుటా దొరికిందమ్మా!" అని బొమ్మ లాక్కుని తన బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు.

చక్కెర: ముట్టలేదు. నిజంగానే. ఆనందానికి ఆకలి వేయలేదు.

అక్టోబరు 31

దీపావళి. చక్కెర: పండుగ.

నవంబరు 6, బుధవారం

బెంగుళూరు సారు జవాబు వచ్చింది. రెబెకా చదివి వినిపించింది. రెక్కలు చుట్టూరా సమానంగా ఉన్నాయి కాబట్టి ఇది మామూలు మొక్కేనట. ఆ పాతదానికి ఒక పక్క రెక్కలు పొట్టిగా ఉంటాయట. బొమ్మ మాత్రం అద్భుతంగా ఉందట, గీసిన వారికి అభినందనలట.

నేను అభినందనల దగ్గర నవ్వాను. రెబెకా నవ్వలేదు.

"త్రివేణీ, నువ్వు సరిగ్గా చూసినావా?"

"చూడకుండా గీస్తానా?"

"రెండు పక్కలా?"

ఇంత మాట ఎవరూ అనలేదు నన్ను. ఈ ఊళ్లో పెళ్లికూతుళ్లు కట్టుకునే చీరల్లో నేను గీసిన పూలే ఉన్నాయి. ఒక్క చీర పువ్వు తప్పని వెనక్కి రాలేదు. అదే చెప్పాను. ఇంకా కొన్ని కూడా చెప్పాను. దాని పుస్తకాల పురుగు కళ్ల గురించి, మెట్లు కనపడని కళ్ల గురించి. అది గోడ వైపు తిరిగి పడుకుంది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

నేను సరిగ్గానే చూశాను.

నవంబరు 7

నడవలేదు. వాన వచ్చేటట్టుంది.

నవంబరు 8

నడవలేదు. వాన రాలేదు. అయినా వస్తే?

నవంబరు 10, ఆదివారం

మా ఆయన చంద్రమోహన్ రాయదుర్గం నుంచి వచ్చాడు. అక్కడ జీన్సు కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టరు. రెబెకా నన్నేమందో చెప్పాను. నా పక్షాన మాట్లాడతాడనుకుంటే, "పోయి మళ్లా ఒకసారి చూసొస్తే ఏం పోతాది?" అన్నాడు. ఏం పోతుందో ఆయనకేం తెలుసు. రాత్రి బస్సుకు వెళ్లిపోయాడు. జాంగ్రీలు తెచ్చాడు.

చక్కెర: జాంగ్రీ చిన్నది.

నవంబరు 15

శ్రీరంగప్పన్న పిలిచాడు. గుట్ట మీద స్వామికి అటూ ఇటూ సిమెంటు చప్టా వేయిస్తాడట. వచ్చే నెల పదమూడున హనుమద్వ్రతం, ఆ రోజు ఊరంతా వరుసగా కూచుని భోంచేయాలట. కుడి పక్క చప్టా వాళ్ల నాయన పేరు మీద, ఎడమ పక్కది వాళ్లమ్మ తిప్పమ్మ పేరు మీద. బొమ్మ నేను గీసివ్వాలి. "ఈ నెల ఇరవై తొమ్మిదికి పొయ్యల్ల. నువ్వు గీస్తే లక్షణంగా ఉంటాది తల్లీ."

ఎడమ పక్క. అనుకున్నాను, మామూలు మొక్కే కదా. బెంగుళూరు సారే చెప్పాడు కదా. ఒప్పుకున్నాను.

మామూలు మొక్కే కదా.

నవంబరు 17

గుట్ట ఎక్కి టేపు పట్టి కొలిచి, దిగి వచ్చాను. పూల వైపు వెళ్లలేదు. పనిలేదు కాబట్టి వెళ్లలేదు. మధ్యాహ్నం పూట వెళ్లాను, ఎలాగూ ముడుచుకునే ఉంటాయి.

నవంబరు 19

అమ్మ అడిగింది. "రెబెకా దగ్గరికి ఎందుకు పోతాల్యా?"

"అది నా మింద కోపంగా ఉండాదిలే మా."

"నీకు చెప్పిందా?"

"చెప్పాల్నా? నాకు ఎంత కోపం ఉండాదో దానికీ అంతే ఉంటాది."

అమ్మ పేరు చెన్నమ్మ గానీ ఊరంతా ఆమెను లాయరమ్మ అంటారు. ఇంకో ప్రశ్న అడగబోయి, ఏదో గుర్తొచ్చినట్టు నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆమె నోరు మూసుకోవడం నేను ఈ మధ్య కాలంలో చూడలేదు.

నవంబరు 21, గురువారం

సిల్క్ హౌసు నుంచి ఇప్పుడే వచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు.

మధ్యాహ్నం శ్రీరంగప్పన్న కుంటుకుంటూ వచ్చాడు. కాలి బొటనవేలికి గుడ్డ చుట్టుకున్నాడు. నా చప్టా బొమ్మ బల్ల మీద పరిచాడు.

"ఏమ్మా, ఎడమ పక్క ఇంత లావు రాతిగుండు ఉండాది గదా, నీ బొమ్మలో లేదే? ఖాళీ జాగా అనుకోని నడిస్తే నా వేలు పగిలిపాయ."

"గుండా?"

"ఆ పక్కకు పోనేలేదా నువ్వు?" అని నా ముఖం చూసి పెద్దగా నవ్వాడు. "కుడి పక్క కొలిచి కాగితం మడిచినావు! మడిచే చెయ్యి యాడికి పోతాదిలే తల్లీ!"

మేం ఏ బుటా అయినా అలాగే గీస్తాం. సగం గీసి, కాగితం నడిమికి మడిచి, వెనక నుంచి పెన్సిలు రుద్దితే రెండో సగం దానంతట అదే పడుతుంది. ఈ వీధిలో అందరూ అలాగే గీస్తారు. అలా గీస్తేనే పువ్వు నిలబడుతుంది, మగ్గం మీద రెండు వైపులా ఒకేలా వస్తుంది. నేను ఈ పనిలో చేరిన మొదటి రోజు నేర్చుకున్నది అదే. రెండో సగం చూడాల్సిన అవసరం ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు.

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నేను బల్ల అద్దం ఎత్తి కింద ఉన్న కొండ చామంతి బొమ్మను లాగాను. వెలుతురుకు ఎత్తి పట్టాను. పువ్వు నడిమధ్య నుంచి కాడ దాకా సన్నటి మడత గీత.

ఆ రోజు బండ మీద నేను నాలుగు రెక్కలు గీశాను. మిగతా నాలుగు ఇంటికొచ్చి మడిచాను.

నవంబరు 22

తెల్లవారకముందే లేచాను. గుట్ట ఎక్కేసరికి ఆయాసం. పైకి వెళ్లి చూస్తే, ఎడమ పక్కన బండ మీద ఇసుక కుప్ప పోసేశారు. ముగ్గు పోసి చప్టా హద్దులు గీసేశారు. ఆ గీతలు నేను గీసిచ్చిన గీతలు. కొన్ని మొక్కలు ఇసుక కింద ఉన్నాయి. గుండుకు ఇవతల ఉన్నవి బయటే ఉన్నాయి.

పొట్ట మీద పడుకున్నాను, రెబెకా పడుకున్నట్టే. ఎండ వచ్చేదాకా అలాగే ఉన్నాను. చల్లటి బండ. మెల్లగా విచ్చుకున్నాయి.

కుడి పక్క నాలుగు రెక్కలు పొడుగ్గా, నేను గీసినట్టే ఉన్నాయి. ఎడమ పక్క నాలుగూ పాలపళ్లలా పొట్టివి. పక్క పువ్వు చూశాను, అలాగే ఉంది. దాని పక్కది చూశాను. ఏ పువ్వు చూసినా ఒక పక్క రెక్కలు పొట్టివి, రెండో పక్కవి పొడుగువి. గోడ పక్కన పడుకున్న మనిషి ఒక మోచెయ్యి ముడుచుకుంటాడు చూడు, అలా. ఎంత బాగుందంటే నాకు ఏడుపు వచ్చింది. ఇదంతా నా ముక్కుకు ముందే ఉండింది, ఆ రోజు కూడా.

చేతులతో ఇసుక తోడాను. ఎంతకూ తరగలేదు. దిగి నేరుగా రెబెకా ఇంటికి వెళ్లాను. దార్లో మంచి మాటలు చాలా సిద్ధం చేసుకున్నాను. తలుపు తీయగానే అన్నీ మరిచిపోయాను.

"మడిచి గీసినానే," అన్నాను.

"ఏంది?"

"పువ్వు. సగమే చూసినా. రెండో పక్క చూడల్యా. ఆ పక్క పొట్టివే. ఆ పక్క అంతా పొట్టివే రెబెకా!"

అది తిడుతుందని నిలబడ్డాను. మంచం మీద నుంచి లేవబోయి, కాలు గుర్తొచ్చి మళ్లీ కూలబడి, రెండు చేతులూ చాచింది. దగ్గరికి పోతే నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఆ తర్వాత గట్టిగా పట్టుకుంది.

"నాకు కోపమని ఎవురు చెప్పినారు నీకు? నేనే ఆ పాత పుస్తకం తప్పుగా చదివినానేమో అని సిగ్గుతో సస్తాండా. నువ్వు నడుస్తాండావో లేదో అని దినామ్ము మీయమ్మకు ఫోన్ చేస్తాండా. చెప్పొద్దన్నా కాబట్టి చెప్పిండదు."

లాయరమ్మ నోరు ఎందుకు మూసుకుందో ఇప్పుడు తెలిసింది. నేను కోపాన్ని కూడా మడిచే గీశానన్నమాట. నా పక్క ఎంత ఉందో అంతే అటు పక్కా రుద్దేశాను.

చక్కెర: రెబెకా బిస్కెట్లు పెట్టింది. తిన్నానో లేదో గుర్తులేదు.

నవంబరు 23

పొద్దున బండ మీదే మొత్తం గీశాను. చెయ్యి మాట వినదు. పొట్టి రెక్క గీస్తుంటే దానంతట అదే పొడుగు సాగుతుంది. చెరిపి, గీసి, చెరిపి, కాగితం చిరిగి, మళ్లీ మొదలుపెట్టాను. కాగితాన్ని అట్టకు నాలుగు మూలలా అంటించుకున్నాను, మడవడానికి లేకుండా. చివరికి వచ్చింది. చూడటానికి వంకరగా ఉంది. బాగుంది.

స్కాన్ తీసి పంపిస్తే బెంగుళూరు సారు గంటలోనే రెబెకాకు ఫోను చేశాడట. డిసెంబరు ఎనిమిదిన స్వయంగా వచ్చి చూస్తానన్నాడట. అంతవరకు ఆ బండను ఎవరూ ముట్టుకోకుండా చూడమన్నాడట.

సిమెంటు ఇరవై తొమ్మిదిన.

నవంబరు 25, సోమవారం

శ్రీరంగప్పన్నను ఒప్పించాను. ఎలాగో నాకే నమ్మకంగా లేదు, కాబట్టి మరిచిపోకముందే రాసుకుంటున్నాను.

"అన్నా, ఎడమ పక్క చప్టా వద్దు," అన్నాను.

జరీ ఉండ చేతిలో ఉంది ఆయనకు. కింద పెట్టాడు. "అది అమ్మ పేరు మింద అనుకున్నది గదమ్మా."

పువ్వు సంగతంతా చెప్పాను. నేను మడిచిన సంగతి కూడా. మొత్తం విన్నాడు. విని, ఆయన చాలా నెమ్మదిగా అన్నాడు. "నాయన పేరుతో పోసి అమ్మకు పొయ్యకుంటే ఊర్లో ఏమంటారు? బతికినన్ని దినాలు ఆయమ్మకు ఏమీ చెయ్యల్యా, సచ్చినంక గూడా చెయ్యల్యా అనరా? గడ్డిపువ్వు కోసరం మాయమ్మను పక్కన పెట్టమంటావా?"

అది నిజంగా ఆయనకు నొప్పి తగిలే చోటు. లేచి వచ్చేద్దామనుకున్నాను. గుమ్మం దాకా వచ్చాను కూడా. అక్కడ కొత్త చీర ఒకటి దండెం మీద ఆరేసి ఉంది.

"అన్నా, ఈ చీరకు కొంగు యాడుండాది?"

"యాడుంటాది? ఆ కొసన."

"ఈ కొసన ఎందుకు లేదు?"

"రెండు కొసలా కొంగుంటే యాడ దోపుకోని కట్టాల? నీకేమన్నా..." అని ఆగాడు.

"అంచులు రెండు పక్కలా ఒకటే. కొంగు మాత్రం ఒక పక్కే. ఒక పక్కే ఉండాదని ఎవురన్నా చీర వాపసు ఇచ్చినారా? జరీ అంతా దాంట్లోనే పెడతాండావు గదా. నాయన పక్క చీర ఒళ్లు, అమ్మ పక్క కొంగు అన్నా. కొంగులో సిమెంటు పోస్తారా ఎవురైనా?"

ఆయన మీసం కదిలింది. అయినా తల అడ్డంగానే ఊపాడు. అప్పుడు నాకు తిప్పమ్మ అవ్వ గుర్తొచ్చింది. వాళ్లింటి ముందు అరుగు, అరుగు మీద ఆమె, ఆమె చేతిలో చీపురు.

"అన్నా, అవ్వ బతికినప్పుడు ఆయమ్మ అరుగు మింద ఎవుర్నన్నా కూచోనిచ్చిందా?"

"కూచోనిచ్చేదా? చీపురెత్తుకోని తరుముకుంటా వస్తాండె. నన్నే కూచోనియ్యల్యా."

"ఇప్పుడు ఊరంతా ఇస్తరాకులేసుకోని ఆయమ్మ మింద కూచుంటారు. సాంబారు పోసుకుంటారు. ఆయమ్మ ఒప్పుకుంటాదా?"

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీలో ముందుకు వంగి, వెనక్కి వాలి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక కూడా నీళ్లు ఆగలేదు. కండువాతో తుడుచుకున్నాడు.

"పూలంటే మాత్రం ఇష్టమమ్మా ఆయమ్మకు," అన్నాడు. "తలలో పెట్టుకునేకి కాదు. పెట్టుకుంటే వాడిపోతాయని చెట్టునే ఇడిసిపెడతాండె."

తర్వాత జరీ ఉండ చేతిలోకి తీసుకుంటూ, "ఆ ఇసుక ఎవురు ఎత్తాలమ్మా మల్ల?" అని గొణిగాడు.

చక్కెర: ఒక లడ్డు. అది ఆయన ఇచ్చిన సంతోషపు లడ్డు కాబట్టి...

కాబట్టి ఏమీ లేదు. ఒక లడ్డు తిన్నాను.

నవంబరు 26

ఇసుక ఎత్తారు. కింద మొక్కలు తెల్లగా పాలిపోయాయి. కొన్ని చచ్చిపోయాయి. ఆ ముగ్గు గీతలు నావి, రాయక తప్పదు.

నవంబరు 29

కుడి పక్క చప్టా పోశారు. ఎడమ పక్క బండ చుట్టూ మోకాలెత్తు రాళ్లు పేర్చారు. శ్రీరంగప్పన్న వేలు పగలగొట్టిన గుండు మీద పసుపు రంగుతో 'తిప్పమ్మ పూలబండ, ఎవరూ కూర్చోరాదు' అని రాయించాడు. 'కూర్చోరాదు' కింద రెండు గీతలు కొట్టించాడు.

దూరం నుంచి చూస్తే స్వామి ఒక భుజం మీదే కండువా వేసుకున్నట్టుంది. ఇలాగే ఉండాలనిపిస్తోంది.

డిసెంబరు 8, ఆదివారం

బెంగుళూరు సారు వచ్చాడు. పెద్దాయన, టోపీ, భూతద్దం. రెబెకా పిండికట్టు విప్పి వారమైంది, డాక్టరు ఇంకా మెట్లు ఎక్కొద్దన్నాడు. ఒక చేత్తో కట్టె, ఒక చేత్తో నన్ను పట్టుకుని ఎక్కింది. ప్రతి నాలుగు మెట్లకూ డాక్టరును తిట్టింది.

పువ్వు విచ్చుకోవడం రెబెకా ఇంతవరకు చూడలేదు కదా. అది మొదట కనిపెట్టిన మనిషి, బొమ్మలోనే చూసింది. కాలు చాచుకుని, నా సాయంతో మెల్లగా పొట్ట మీద పడుకుంది. దాని పక్కన సారు పడుకున్నాడు. నేను నిలబడి ఉంటే బాగుండదని నేనూ పడుకున్నాను. పొద్దున్నే దండం పెట్టుకోవడానికి వచ్చిన ఒకాయన మా ముగ్గురినీ చూసి, తనకు తెలియని మొక్కుబడి ఏదో అనుకుని తానూ సాష్టాంగపడ్డాడు.

సారు ఎండిన పువ్వు ఒకటి అరచేతిలో నలిపి, గింజలను అద్దం కింద చూశాడు. తర్వాత టోపీ తీసి బండ మీద పెట్టాడు.

"అదేనమ్మా," అన్నాడు. "ఇన్నాళ్లకు."

రెబెకా నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు విరిగింది.

ఇంకా చేయాల్సినవి చాలా ఉన్నాయట. గింజలు కొన్ని దాచిపెట్టాలి, అటవీశాఖకు రాయాలి, పక్క గుట్టల్లో వెతకాలి. బొమ్మతో పాటు అచ్చులో వేస్తారట. పాత బొమ్మను కూడా ఇవ్వమని సారు అడిగాడు. "ఆ పొరపాటు బొమ్మ ఎందుకు సార్?" అంటే, "పిల్లలకు చూపించేకమ్మా. నేను కూడా మీ బొమ్మనే నమ్మి పువ్వు చూడకుండా తేల్చేశాను కదా," అన్నాడు.

ఇచ్చాను. మడత మీద వేలు పెట్టి చూపించి మరీ ఇచ్చాను.

డిసెంబరు 13, శుక్రవారం

వ్రతం. ఊరంతా గుట్ట మీదే. కుడి చప్టా మీద బంతులు బంతులుగా భోజనాలు. ఎడమ పక్కకు ఒక్కరూ పోలేదు. ఒకడు రాళ్ల మీద కాలు పెట్టబోతే మా అమ్మ గరిట ఎత్తుకుని పరుగెత్తింది. తిప్పమ్మ అవ్వ పని ఈమె తీసుకున్నట్టుంది. శ్రీరంగప్పన్న దూరం నుంచి చూసి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఆ పువ్వును ఉన్నది ఉన్నట్టు వంకరగానే బుటా గీయమన్నాడు. జకార్డు అట్టలు రెట్టింపు పడతాయని చెప్పాను. పడనిమ్మన్నాడు.

ఇసుక కింద పాలిపోయిన మొక్కల్లో రెండు పచ్చబడ్డాయి. రెబెకా చూసి చెప్పింది, నేను వంగి రెండు పక్కలా చూసి నమ్మాను.

దిగేటప్పుడు దానికి ఎడమ కాలు ఇంకా కొంచెం ఈడుస్తోంది. కుడి కాలు ఒక మెట్టు దిగేలోపు ఎడమది ఆలోచించుకుంటోంది. డాక్టరు కొన్నాళ్లు ఇలాగే ఉంటుందన్నాడు.

"చూడే, నేను గూడా ఆ పువ్వు మాదిరి అయిపోతి," అంది.

"మెట్లు చూసుకోని దిగు," అన్నాను.

వెనక్కి తిరిగి చూడలేదు ఈసారి. నేను దానికి ఎడమ పక్కన నడిచాను.

చక్కెర: రెండు లడ్లు. ప్రసాదం కాదు, ఊరికే తిన్నాను.